తాత మీద నాలుగు మాటలు: సంస్మరణా చరిత్రే

కొల్లాపూర్ చరిత్ర అనంగానే సురభి వంశం, కోట, కవి పండితులు ముందుకొస్తారు. 17వ శతాబ్దంలో జటప్రోలు పాలకుడు సురభి మాధవరాయలు ‘చంద్రికా పరిణయం’ రాసిండు. దొరల పేర్లు కావ్యాల్లో నిలిచాయి. అదే గడ్డ మీద వెట్టి చేసిన మాదిగ తాతల పేర్లు ఎక్కడున్నాయి?

ఊళ్ళో ఎవరు పోయినా కబురు మోసింది మేము, డప్పు కొట్టింది మేము. అంటరానివాళ్ళ మీద ఊరు మోపిన పనుల్లో చావు కబురు మోయడాన్ని కూడా అంబేద్కర్ లెక్కగట్టి రాశారు. మరి మా చావుకు మాట చెప్పేదెవరు? మా ఆడవాళ్ళే. శవం పక్కన కూర్చొని, పోయినోడినే పిలుస్తూ, ఏ చెలక దున్నిండో, ఏ కరువుకు ఎటు వలసపోయిండో వరుసబెట్టి ఏడుస్తారు. మా దృష్టిలో ఆ శోకమే మా తొలి సంస్మరణ. దాన్ని రాసిపెట్టినోళ్ళు లేరు.

శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో పునాది పడింది. 1981లో మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో సుమారు వంద ఊళ్ళను ఖాళీ చేయించారు. కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి అలంపురంలో మళ్ళీ నిలబెట్టారు. మా పెద్దల బొందలు మాత్రం నీళ్ళ కిందనే ఉన్నాయి. భూమి పరిహారం పట్టా చూసి ఇచ్చారు. పట్టా లేని కూలోళ్ళకు చూపడానికి కాగితం లేదు. ఇంటికొక కొలువు అన్న 1986 నాటి జీవో 98 కోసం ఎదురుచూస్తూ ఎందరో ముసలోళ్ళయ్యారు.

అందుకే, మా తాత పోయిన పదకొండో దినాన “సదువుకున్నోనివి, నాలుగు మాటలు చెప్పు” అని పెద్దలు అడిగితే, మేము అవ్వ దగ్గర, మేనత్తల దగ్గర కూర్చొని రాసుకున్నాం. “పుణ్యాత్ముడు అనకు బిడ్డా, గట్టోడు అను” అన్నది అవ్వ. “వెట్టి ముచ్చట తియ్యకు, ఇజ్జత్ పోతది” అన్నది మేనత్త. ఇజ్జత్ పోవాల్సింది చేయించుకున్నోళ్ళదని మేము వాదించాం. చివరికి మేనత్తే ఒక సంగతి చెప్పింది: తాత ఒకనాడు డప్పు దించి, ఇంక దొర గడప ముందు కొట్టనన్నడు. ఎప్పుడని అడిగితే, “మునకకు రెండేండ్ల ముందు” అన్నది. అంటే 1979. మా వాళ్ళ క్యాలెండర్ అది.

వాడలో నిలబడి చదువుతుంటే ముసలోళ్ళు ఊకోలేదు. “ఆ ఊరు కాదు, దాని అవతలి ఊరు” అని దిద్దారు. “ఒక్కడే కాదు, ఇంకిద్దరు గూడ డప్పు దించిండ్రు” అన్నారు. ఆ ఇద్దరి పేర్లూ అక్కడికక్కడే కాగితం అంచున రాసుకున్నాం. ఒక ఇంటి సంతాపం వాడ చరిత్ర అయింది.

చదువుకున్న మిత్రులకు మేము చెప్పేది ఒకటే. పెద్దలు పోతే పొగడ్తలతో సరిపెట్టొద్దు. చేసిన పని, ఇచ్చిన కూలి, మునిగిన ఊరు, తిరగబడ్డ రోజు రాయండి. నలుగురిలో చదివి దిద్దించుకోండి. తేదీ వేసి దాచండి. ఇంకా మంచిది, వాళ్ళు బతికుండగానే అడగండి. మునకను చూసిన తరం రోజురోజుకూ తరిగిపోతున్నది.