పంట కాపలాకే తుపాకీ.. జింక జోలికి వెళితే జైలే!

* మందు దట్టించే తుపాకీ కొనాలంటే ముందు లైసెన్సు
* కొనుగోలు, నిర్వహణలో పాటించాల్సిన జాగ్రత్తలు ఇవీ
* తాతల నాటి ఆయుధాలకూ నిబంధనలు వర్తిస్తాయి

అమలాపురం: పంట చేతికొచ్చే వేళ అడవిపందులు తోటల్లో పడితే రైతు కష్టం ఒక్క రాత్రిలో నేలపాలవుతుంది. ఇలాంటప్పుడు కొందరికి తుపాకీ గుర్తుకొస్తుంది. కొనేందుకు తక్కువ ఖర్చు, వాడకం సులువు అన్న ఉద్దేశంతో ముందుగా ఆలోచించేది గొట్టం మూతి నుంచి మందు దట్టించే తుపాకీ గురించే. పోలీసు రికార్డుల్లో దీనినే ‘ఎస్‌బీఎంఎల్’ అంటారు. లైసెన్సు పొందిన రైతు దీనిని పంట రక్షణకు ఉంచుకునే వీలును చట్టమే కల్పించింది. అయితే అదే తుపాకీని జింకపై ఎక్కుపెడితే రైతు ముద్దాయిగా మారతాడు. లైసెన్సు ఉన్నా, జింక తన పొలంలోకే వచ్చినా ఇందులో మినహాయింపు లేదు. కోనసీమలో తొలిసారి ఇటువంటి తుపాకీ తీసుకోవాలనుకునేవారు తెలుసుకోవాల్సిన వివరాలివి.

ఎలా పనిచేస్తుంది?

ఇప్పటి తుపాకుల్లో మందు, గుండు కలిసిన తూటాను వెనుక వైపు నుంచి పెడతారు. ఎస్‌బీఎంఎల్‌లో అలా కాదు. కొలిచిన తుపాకిమందును గొట్టం మూతిలో పోసి, దానిపై వాడ్ అనే అడ్డుపొర పెట్టి, సీసపు రవ్వలు గానీ గుండు గానీ వేసి చువ్వతో అడుగంటా దట్టిస్తారు. గొట్టం వెనుక ఉన్న చిన్న గొట్టుపై క్యాప్ అమర్చుతారు. మీట నొక్కగానే సుత్తి క్యాప్‌పై పడి నిప్పురవ్వ లోపలి మందుకు అంటుకుంటుంది.

ఒక్కసారికి ఒక్క దెబ్బే పేలుతుంది. మళ్లీ నింపడానికి అర నిమిషం నుంచి నిమిషం వరకు పడుతుంది. గొట్టం లోపల నునుపుగా ఉంటుంది కాబట్టి 50 మీటర్లు దాటితే గురిపై నమ్మకం పెట్టుకోలేం. గురి తప్పిన రవ్వలు మాత్రం ఆ దూరం దాటి వెళ్లి మనుషులను గాయపరచగలవు.

చట్టంలో రైతుకు చోటు

1857 తిరుగుబాటు అనంతరం ఆంగ్లేయులు 1878లో తెచ్చిన ఆయుధ చట్టం భారతీయుల చేతిలో తుపాకీ ఉండటాన్ని కట్టడి చేసింది. దాని స్థానంలో 1959 ఆయుధ చట్టం వచ్చి, 1962 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. ఈ చట్టంలోని 13వ సెక్షన్ నిజమైన పంట రక్షణ అవసరం ఉన్న భారత పౌరుడికి మూతి నుంచి నింపే తుపాకీ లైసెన్సు మంజూరు చేయాలని చెబుతోంది. ఆ తుపాకీ సరిపోదని అధికారి భావిస్తే, కనీసం 20 అంగుళాల గొట్టం ఉన్న మరో నునుపు గొట్టపు తుపాకీకి అనుమతి ఇవ్వవచ్చు.

అయితే దరఖాస్తు చేసిన ప్రతి ఒక్కరికీ లైసెన్సు దక్కుతుందని అర్థం కాదు. 21 ఏళ్లు నిండనివారు, హింసకు సంబంధించిన నేరాల్లో శిక్ష పడినవారు, మతిస్థిమితం లేనివారు అనర్హులు. ప్రజాశాంతికి, భద్రతకు భంగమని తోచినా తిరస్కరించవచ్చు. తిరస్కరిస్తే కారణాలను రాతపూర్వకంగా నమోదు చేయాలి. దానిపై నిర్ణీత గడువులో అప్పీలు చేసుకునే హక్కు దరఖాస్తుదారుకు ఉంది.

దరఖాస్తు ఇలా..

2022 ఏప్రిల్ 4న కోనసీమ ప్రత్యేక జిల్లా అయ్యేవరకు ఈ పనికి కాకినాడ కలెక్టరేట్‌కు వెళ్లాల్సి వచ్చేది. ఇప్పుడు జిల్లా మేజిస్ట్రేట్ హోదాలో అమలాపురంలోని కలెక్టరే లైసెన్సింగ్ అధికారి. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం ఎ-1 ఫారంలో దరఖాస్తు చేయాలి. గుర్తింపు, చిరునామా పత్రాలు, ఫొటోలు, వైద్య ధ్రువపత్రం, ఆయుధాన్ని భద్రంగా ఉంచుతానన్న హామీపత్రం జతచేయాలి. ఆయుధం వాడకంపై శిక్షణ పొందినట్టు ధ్రువపత్రం కూడా అవసరమవుతుంది.

పంట రక్షణ కోసం అడిగేవారు పట్టాదారు పాసుపుస్తకం లేదా సాగు ఆధారాలతో పాటు జరిగిన పంట నష్టానికి రుజువులు సిద్ధం చేసుకోవడం మేలు. దరఖాస్తుపై స్థానిక పోలీసులు విచారించి నివేదిక ఇస్తారు. అది అందాకే కలెక్టర్ నిర్ణయం తీసుకుంటారు. మంజూరైన లైసెన్సుదారుకు జాతీయ ఆయుధ లైసెన్సుల డేటాబేస్‌లో ఒక ప్రత్యేక సంఖ్య కేటాయిస్తారు. 2019 సవరణ తర్వాత లైసెన్సు కాలపరిమితి మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది. ఒకరి వద్ద ఉండదగిన తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది.

అభయారణ్యానికి దగ్గరగా ఉండేవారికి మరో నిబంధన ఉంది. అభయారణ్యం నుంచి 10 కిలోమీటర్ల లోపు కొత్త లైసెన్సు ఇవ్వాలంటే రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి ముందస్తు సమ్మతి తప్పనిసరి. గౌతమి ముఖద్వారంలో కోరింగ అభయారణ్యం ఉన్నందున ఐ.పోలవరం మండలం వంటి తీర ప్రాంతాలవారు తమ గ్రామం ఆ పరిధిలోకి వస్తుందో లేదో అటవీ శాఖ వద్ద ముందే నిర్ధారించుకోవాలి.

కొనేటప్పుడు చూడాల్సినవి

లైసెన్సు చేతికొచ్చాకే తుపాకీ కొనాలి. అదీ లైసెన్సు ఉన్న డీలరు వద్దే. ఊళ్లో కమ్మరితో చేయించినా, తెలిసినవారి వద్ద కాగితం లేకుండా తీసుకున్నా నేరమే. లైసెన్సు లేని తుపాకీ దగ్గరుంటే రెండేళ్ల నుంచి అయిదేళ్ల వరకు జైలు, జరిమానా విధిస్తారు. అక్రమంగా తయారు చేసినా, అమ్మినా కనీస శిక్ష ఏడేళ్లు, గరిష్ఠ శిక్ష యావజ్జీవం.

తుపాకీపై తయారీదారు పేరు, వరుస సంఖ్య స్పష్టంగా కనిపించాలి. వాటిని చెరిపేసిన ఆయుధాన్ని తీసుకోకూడదు. గొట్టం లోపల తుప్పు గుంతలు, బయట సొట్టలు, వెల్డింగ్ అతుకులు ఉంటే వదిలేయాలి. సుత్తిని సగం ఎత్తి ఉంచినప్పుడు జారకుండా నిలవాలి. క్యాప్ అమర్చే గొట్టు వదులుగా ఉండకూడదు. పాత తుపాకీ అయితే లైసెన్సు గల ఆయుధ మరమ్మతుదారుతో తనిఖీ చేయించిన తర్వాతే వాడాలి. కొన్న వెంటనే బిల్లుతో సహా చూపించి వివరాలను లైసెన్సులో నమోదు చేయించాలి. మందు, క్యాపులు లైసెన్సులో రాసిన పరిమాణానికి మించి ఉంచరాదు.

తొలిసారి పేల్చేముందు..

ఈ తుపాకీతో ఎక్కువ ప్రమాదాలు నింపేటప్పుడే జరుగుతాయి. గొట్టంలో మందు ఉందో లేదో బయటకు కనిపించదు. అందుకే ఖాళీ గొట్టంలో చువ్వ పెట్టి ఎంతవరకు దిగిందో గీత పెట్టుకోవాలి. తర్వాత ఎప్పుడు చూసినా చువ్వ ఆ గీత దాకా దిగకపోతే లోపల మందు ఉన్నట్టే. చూసుకోకుండా రెండోసారి నింపితే గొట్టం పగిలిపోయే ముప్పుంది. మందుకు, గుండుకు మధ్య ఖాళీ మిగిలినా అదే ప్రమాదం. ఆధునిక తూటాల్లోని పొగరాని మందును ఇందులో వాడితే తుపాకీ చేతిలోనే పేలిపోతుంది. మందు కొలత విషయంలో తయారీదారు చెప్పిన పరిమితిని దాటకూడదు.

మన తీరపు గాలిలోని తేమకు మందు త్వరగా చెమ్మగిల్లుతుంది. మీట నొక్కినా పేలకపోతే వెంటనే గొట్టంలోకి తొంగిచూడకూడదు. కొన్ని క్షణాలు ఆగి పేలే అవకాశం ఉన్నందున కనీసం ఒక నిమిషం మూతిని నిర్జన దిశకే పట్టి ఉంచాలి. మందు కాలిన మసి తేమతో కలిసి ఇనుమును తినేస్తుంది. అందువల్ల పేల్చిన రోజే వేడి సబ్బునీటితో గొట్టం కడిగి, ఆరబెట్టి, నూనె పూయాలి.

కోనసీమ నేల తీరును కూడా మరువరాదు. రవ్వలను ఆపేందుకు ఇక్కడ కొండా లేదు, గుట్టా లేదు. నేల బల్లపరుపు. కొబ్బరి తోటలోనే ఇల్లు, ఇంటి పక్కనే కాలువ గట్టు, గట్టుపై బాట. రాత్రి తోటలో కదిలేది పందో, నీరు పెట్టేందుకు వచ్చిన మనిషో తెలియకుండా పేల్చితే ప్రాణం పోతుంది. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద అయిదేళ్ల వరకు జైలు శిక్ష పడుతుంది. జంతువులు వచ్చే దారిలో తీగ కట్టి తుపాకీ అమర్చడం, విద్యుత్ తీగలు పరచడం ఇంతకంటే ఘోరం. వాటికి మనిషి, జంతువు అనే తేడా తెలియదు.

జింకను కాల్చితే..

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. చట్టంలోని ఒకటో షెడ్యూల్‌లో అత్యున్నత రక్షణ పొందిన జీవి. గోదావరి లంకల గడ్డి భూముల్లో ఇవి కనిపిస్తుంటాయి. వరద వేళ ఎత్తైన నేల వెతుక్కుంటూ జనావాసాల వైపు వచ్చే జింకలు సులువుగా చిక్కుతాయి. వాటిని చంపితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు జైలు, కనీసం రూ.25 వేల జరిమానా తప్పదు. చుక్కల దుప్పి, కణుజు వంటివి సైతం రక్షిత జాబితాలోనివే.

కేసు ఏళ్ల తరబడి వెంటాడుతుందనడానికి రాజస్థాన్ ఉదంతమే నిదర్శనం. 1998లో జోధ్‌పూర్ సమీపంలో కృష్ణజింకలను వేటాడారన్న కేసులో నటుడు సల్మాన్‌ఖాన్‌కు 2018 ఏప్రిల్ 5న స్థానిక న్యాయస్థానం అయిదేళ్ల శిక్ష విధించింది. ఆ తీర్పుపై ఆయన అప్పీలు చేసుకున్నారు.

అడవిపందికీ అనుమతి కావాలి

చేతిలో పంట రక్షణ లైసెన్సు ఉంది కదా అని అడవిపందిని కాల్చకూడదు. తుపాకీ లైసెన్సు వేరు, చంపేందుకు అనుమతి వేరు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం అడవిపంది రెండో షెడ్యూల్‌లో ఉంది. నిలిచి ఉన్న పంటకు, ప్రాణానికి ముప్పుగా మారితే 11వ సెక్షన్ కింద ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతించాలి. అలా చంపిన జంతువు కూడా ప్రభుత్వ ఆస్తే. మాంసం పంచుకుంటే మరో కేసు. చనిపోయిన వన్యప్రాణి దొరికితే 48 గంటల్లోగా పోలీసులకు లేదా అటవీ అధికారులకు తెలపాలి. ఆత్మరక్షణలో సదుద్దేశంతో చంపితే నేరం కాకపోయినా, అప్పటికే వేట వంటి నేరానికి పాల్పడుతున్న వ్యక్తికి ఆ రక్షణ దొరకదు.

అటకపై తాతల తుపాకీ ఉందా?

కొన్ని కుటుంబాల్లో పూర్వీకుల తుపాకులు ఉంటాయి. లైసెన్సుదారు మరణిస్తే ఆయుధాన్ని ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సు గల డీలరు వద్ద గానీ అప్పగించాలి. వారసుడు తన పేరిట లైసెన్సు పొంది దానిని తిరిగి తీసుకోవచ్చు. లైసెన్సుదారు జీవించి ఉండగానే, 70 ఏళ్లు నిండినా లేదా తుపాకీ పొంది 25 ఏళ్లు గడిచినా వారసుడికి బదిలీ కోరే వీలుంది. లైసెన్సు లేకుండా అటకపై దాచిన తుపాకీ తుప్పుపట్టినదైనా చట్టం దృష్టిలో ఆయుధమే.

ఇతర చోట్ల వేరు

కర్ణాటకలోని కొడగులో కొడవలకు, అక్కడి జమ్మా భూమి హక్కుదారులకు బ్రిటిష్ కాలం నుంచి లైసెన్సు మినహాయింపు ఉంది. కేంద్రం 2019లో దానిని 2029 వరకు పొడిగించింది. అయినా అక్కడ కూడా జింకల వేట నిషేధమే. అమెరికాలోని అనేక రాష్ట్రాల్లో జింకల సంఖ్యను అదుపులో ఉంచేందుకు ఏటా నిర్ణీత దినాల్లో, అనుమతి పత్రంతో ఇదే రకం తుపాకీతో వేటాడనిస్తారు. అక్కడి బంధువులు పంపే వీడియోలు చూసి ఇక్కడ అలాగే చేయవచ్చనుకుంటే చిక్కుల్లో పడతారు.

ఇవి గుర్తుంచుకోండి

* ఎన్నికల నియమావళి అమల్లోకి వచ్చాక అధికారులు ఆదేశిస్తే తుపాకీని డిపాజిట్ చేసి రసీదు తీసుకోవాలి.
* గడువు ముగిసేలోగా లైసెన్సు పునరుద్ధరణకు దరఖాస్తు చేయాలి.
* తుపాకీని ఖాళీ చేసి తాళం ఉన్న బీరువాలో ఉంచాలి. మందు, క్యాపులు విడిగా, పొయ్యికి దూరంగా భద్రపరచాలి.
* కొడుకైనా, పాలేరైనా లైసెన్సు లేని వ్యక్తికి తుపాకీ ఇచ్చి కాపలాకు పంపరాదు.
* పెళ్లిళ్లు, ఊరేగింపుల్లో నిర్లక్ష్యంగా గాలిలోకి పేల్చితే రెండేళ్ల వరకు జైలు లేదా రూ.లక్ష వరకు జరిమానా, లేదా రెండూ విధిస్తారు.
* పొలాల్లో తిరిగే పందులు ఊరపందులైతే అది పంచాయతీకి చెప్పుకోవాల్సిన సమస్య. వరి, కొబ్బరికి ఎలుకల బెడదైతే తుపాకీతో పనే లేదు. వ్యవసాయ, ఉద్యాన శాఖల సిబ్బంది సలహా సరిపోతుంది.
* పంట నష్టం జరిగిన వెంటనే ఫొటోలు తీసి అటవీ, రెవెన్యూ సిబ్బందికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పరిహారం కోరేందుకైనా, లైసెన్సు అడిగేందుకైనా ఆ కాగితమే ఆధారం.