ముప్పై థౌ ముచ్చట

ఒరే మనవడా, ఆ ప్లగ్గు మంటలో పడెయ్యకు. పక్కన బూడిద మీద పెట్టు. మంటలో పడితే తెల్ల పింగాణీ చిట్లుద్ది. ఆ పగులు కంటికి కనబడదు, నువ్వు మాత్రం తన్ని తన్ని చస్తావు. తడి ఆరడానికి ఈ వేడి చాలు. రాత్రంతా బండి మంచులో వదిలేసి, పొద్దున్నే చోక్ లాగి ఇరవైసార్లు తన్నితే ప్లగ్గు పెట్రోల్లో మునక్క మరేటవుద్ది? మా కాలంలో చలిరోజుల్లో ఇది రోజూ ఉండే పనే. క్లీనరుగాడు ముందు నెగడు వెయ్యాలి, నాలుగు ప్లగ్గులూ విప్పి వెచ్చబెట్టాలి. తన టీ సంగతి ఆ తరవాతే.

ఆ క్లీనరుగాణ్ని నేనే. కొండ మీదికి రైలు ఎక్కిస్తున్న రోజులవి. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా లైను, బైలడిల్లా ఇనుపరాయి విశాఖ రేవుకి దించి జపాను పంపడానికి. 58 సొరంగాలు తొలిచారు. కొండలు పేల్చే చప్పుడు మన బొర్రా దాకా వినబడేది. రైలు పనికి జీపులొచ్చాయి, జీపుల వెనక మెకానిక్కులొచ్చారు, వాళ్ల వెనక నాలాంటి స్పానర్లు అందించే కుర్రాళ్లు తేలారు.

1965లో మహీంద్రావాళ్లు ఎఫ్.సి.-150 అని చిన్న లారీ తీశారు. ముందు మూతి ఉండదు. మా సావుకారు కొన్నాళ్లకి అలాంటిదొకటి పాతది కొన్నాడు. ఇంజను జీపుదే. నాలుగు సిలిండర్లు, 2,199 సి.సి., పెట్రోలు. డ్రైవరుకీ పక్కవాడికీ మధ్యన రేకు మూత కింద ఉండేది. చలికాలం దాని పక్కన కూర్చోడమంటే పండగే. వేసవిలో మాత్రం పక్కటెముకలు వేగిపోయేవి. కొండ మీంచి చింతపండు, పసుపు, అడ్డాకులు ఎస్.కోట దించేవాళ్లం. పైకొచ్చేటప్పుడు ఉప్పు, కిరసనాయిలు, బట్టలు.

ఆ ఇంజనుకి పుస్తకంలో రాసింది చాంపియన్ జె-8 ప్లగ్గు, గ్యాప్, అంటే కొనల మధ్య సందు, ముప్పై థౌ. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మీ లెక్కలో 0.76 మిల్లీమీటరు. మా గురువు ఆ పుస్తకం ఎప్పుడూ తెరవగా చూళ్లేదు, అంకె మాత్రం ఆయన నోట్లోనే ఉండేది.

ఒకసారి గురువు జ్వరంతో పడుకున్నాడు, ప్లగ్గుల పని నా చేతికొచ్చింది. అప్పటికి నాకు మీసం కూడా లేదు, తెలివి మాత్రం ఊరంత. సందు పెద్దదైతే నిప్పు పెద్దదవుద్ది కదా అని నాలుగిటికీ నలభై దాకా తెరిచేశాను. ప్లగ్గుకి లీడు తగిలించి, ఇంజను ఇనుముకి ఆనించి, హ్యాండిలు తిప్పితే చిటచిటమని నీలం నిప్పు! నా అంతవాడు లేడనుకున్నాను. బొడ్డవర దాటాం, కాశీపట్నం దాటాం, బండి బాణమే. ఘాట్ మొదలై, రెండో గేరులో బరువు లాగాల్సొచ్చేసరికి దగ్గు మొదలు. టైడ దగ్గర ఆగిపోయింది. వెనక చక్రానికి రాయి పెట్టి కూర్చున్నాం.

దుప్పటి కప్పుకుని పక్క సీట్లో ఉన్న గురువు దిగాడు. ఒక ప్లగ్గు విప్పించి సందు చూశాడు, నా మొహం చూశాడు. "బయట గాలి వదులు. లోపల పిస్టను నొక్కిన గాలి గట్టి. బయట దూకిన నిప్పు లోపల దూకలేదురా" అన్నాడు. ఎక్కువ పెట్రోలు పీల్చి, బరువు లాగేటప్పుడే లోపల నొక్కుడు ఎక్కువ, కాయిలు పస అప్పుడే చాలదు. అందుకే చదునులో బాగా పోయిన బండి కొండకి చేతులెత్తేసింది. రెండు దెబ్బలు వేస్తాడనుకున్నాను, వెయ్యలేదు. జ్వరం మూలానేమో.

సందు కొలిచే గేజి ఆకులు మా దగ్గర ఉండేవి కావు. ఉన్నా అరిగిన ప్లగ్గుకి అవి అబద్ధం చెబుతాయి. కొన గుంటపడుద్ది, చదును ఆకు ఆ గుంటలోకి దిగదు, అసలు సందు ఇంకా ఎక్కువుంటాది. గుండ్రటి తీగ గేజయితే నిజం చెబుద్ది. మాకున్నది విరిగిన హ్యాక్సా బ్లేడు ముక్క. దాని మందం పాతిక థౌ. ముందు కొన ఆకురాయితో చదును చేసేవాళ్లం. బ్లేడు పట్టుగా దూరితే పాతిక, దూరి కాస్త ఆడితే ముప్పై. ఆ 'కాస్త' ఎంతో వేలికి తెలియడానికి నాకు రెండేళ్లు పట్టింది. వంచేది పక్క కొమ్మునే సుమా. నడిమి కడ్డీ జోలికెళ్తే పింగాణీ పోయినట్టే.

నంబరు గొడవ ఇంకోటి. చాంపియన్ దొరకనప్పుడు బెంగళూరు మైకో వేసేవాళ్లం. వాటి మీద 145, 175, 225 అని ఉండేవి. కొట్టువాడొకడు పెద్ద అంకె బలమైందని 225 అంటగట్టాడు. అంకె పెరిగితే బలం కాదు, చల్లటి ప్లగ్గు. లోపలి పింగాణీ ముక్కు పొట్టిగా ఉండి, వేడి తొందరగా హెడ్డులోకి దిగిపోతాది. పరుగులు తీసే ఇంజనుకి అది మంచిదే. సంతలో ఆగి, మంచులో నడిచే మా బండికి మాత్రం మసి కాలక ప్లగ్గు నల్లగా ముసిరిపోయేది. అసలే వెయ్యి మీటర్లు దాటిన అనంతగిరి గాలి పల్చన, కింద కట్టిన కార్బొరేటరు ఇక్కడ పెట్రోలు ఎక్కువ పోస్తాది. చాంపియన్‌లో లెక్క తిరగబడి ఉంటాది, పెద్ద అంకె వేడి ప్లగ్గు. ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క, ఎవడికి మొక్కాలి? మర పొడుగు కూడా చూడాలి. అది ఎక్కువైతే కొన పిస్టనుకో వాల్వుకో తగలొచ్చు.

నేను నంబరు కంటే విప్పిన ప్లగ్గు మొహాన్నే నమ్ముతాను. లేత కాఫీ రంగుంటే ఇంజను సుఖంగా ఉన్నట్టు. పొడి మసి అంటే పెట్రోలు ఎక్కువ, లేదా ప్లగ్గు చల్లటిది. నూనె జిడ్డుంటే రింగులు పోయాయి, ఇక ప్లగ్గు ఎన్ని మార్చినా డబ్బు దండగ. సున్నంలా తెల్లబడితే లోపల మండిపోతోందని, వెంటనే ఆగాలి. తరవాత జీపులకి డీజిలు ఇంజన్లొచ్చాయి, ఈ చదువు అవసరం లేకుండా పోయింది.

నీది నల్లగా ఉంది చూడు. గాలి ఫిల్టరు దులిపి ఎన్నాళ్లయింది? చోక్ లాగి మర్చిపోయావా? ఆ మూలనున్న డబ్బా తే, బ్లేడు ముక్క ఇంకా ఉంది. నీ బండికి ఎంత సందో పుస్తకంలో చూడు, నా ముప్పై నీకు పనికిరాదు. బ్లేడు వీపువైపు దూర్చు, పళ్లవైపు కాదు. పళ్లు అటూ ఇటూ వంగి ఉంటాయి, కొలత తప్పుద్ది.