తక్కెడ చెప్పే తీర్పు

2001లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించినప్పుడు, శిక్షలను "హేతుబద్ధం" చేస్తున్నామని ప్రభుత్వం బిల్లు ఉద్దేశాల్లో రాసుకుంది. హేతువు పేరు ఎవరెత్తినా కాస్త ఆగి పరీక్షించి చూడటం మన అలవాటు కదా. ఈ చట్టంలో హేతువు ఎంత, భయం ఎంత అన్నది చరిత్రలోకి వెళితేగాని తెలియదు.

1893లో గంజాయి మీద బ్రిటిష్ ప్రభుత్వం ఒక కమిషన్ వేసింది. మన దేశంలో జనం గంజాయి తాగి పిచ్చివాళ్లయిపోతున్నారని అప్పట్లో గట్టి నమ్మకం. పిచ్చాసుపత్రుల రిజిస్టర్లే అందుకు రుజువు అనేవారు. కమిషన్ వెయ్యిమందికి పైగా సాక్షులను విచారించింది, ఆ రిజిస్టర్లనూ తిరగేసింది. చాలా కేసుల్లో "కారణం: గంజాయి" అన్న మాట సరైన విచారణ లేకుండానే రిజిస్టర్లోకి ఎక్కిందని తేలింది. మితంగా వాడితే పెద్దగా హాని లేదని, పూర్తి నిషేధం అవసరం లేదని 1894లో కమిషన్ చెప్పింది. ఆ నిర్ణయంతో మనం ఏకీభవించకపోవచ్చు. కానీ నమ్మకానికి ఆధారం అడిగే ఆ పద్ధతి మాత్రం మనదే.

తర్వాత వచ్చిన 1930 నాటి ప్రమాదకర మందుల చట్టంలో గరిష్ఠ శిక్ష 3 ఏళ్లు, మళ్లీ పట్టుబడితే 4 ఏళ్లు. కనీస శిక్ష అంటూ లేదు. ముద్దాయి ఎవరు, ఏం చేశాడు అన్నది చూసి జడ్జి నిర్ణయించేవాడు.

1985 నవంబరు 14న అమల్లోకి వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం దీన్ని తలకిందులు చేసింది. హెరాయిన్, నల్లమందు, చరస్ వంటివాటికి కనీసం 10 ఏళ్లు, గరిష్ఠంగా 20 ఏళ్లు, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా. గంజాయికి మాత్రం గరిష్ఠం 5 ఏళ్లు. సొంత వాడకానికి కొద్దిగా ఉంచుకున్నవారికి తక్కువ శిక్షే గాని, అది సొంత వాడకానికేనని రుజువు చేసుకోవలసిన భారం ముద్దాయిదే. రుజువు చేసుకోలేకపోతే పొట్లంతో దొరికిన వ్యసనపరుడూ, బస్తాలతో దొరికిన వ్యాపారీ ఇద్దరూ 10 ఏళ్ల గీత దగ్గర ఒకటే.

1989లో ఇంకా బిగించారు. కొన్ని నేరాల్లో పెద్ద పరిమాణాలతో రెండోసారి దోషిగా తేలితే మరణశిక్ష తప్పనిసరి అన్నారు. శిక్ష పడ్డాక దాన్ని నిలిపివేసే అధికారం కూడా లేదన్నారు. ఈ రెండో నిబంధన అప్పీలు కోర్టుల చేతులు కట్టేసిన మేరకు చెల్లదని సుప్రీం కోర్టు 2000లో చెప్పింది. మరణశిక్ష "తప్పనిసరి" కాకూడదని 2011లో బొంబాయి హైకోర్టు అన్నది. 2014 సవరణలో పార్లమెంటు కూడా దాన్ని జడ్జి విచక్షణకే వదిలింది.

ఇక 2001 సవరణకు వద్దాం. ప్రతి మందుకీ "చిన్న పరిమాణం", "వాణిజ్య పరిమాణం" అని రెండు గీతలు గీశారు. హెరాయిన్‌కు 5 గ్రాములు, 250 గ్రాములు. గంజాయికి కిలో, 20 కిలోలు. మొదటి గీతకు లోపల ఉంటే 6 నెలల వరకు (2014 నుంచి ఏడాది వరకు), మధ్యలో ఉంటే 10 ఏళ్ల వరకు, రెండో గీత దాటితే 10 నుంచి 20 ఏళ్లు. చిన్నవాళ్లకు ఇది నిజంగా ఊరటే. కానీ అంతకుముందు 25 కిలోల గంజాయికి గరిష్ఠంగా 5 ఏళ్లు పడేది. ఇప్పుడు కనీసమే 10 ఏళ్లు అయింది! ఇంకో సంగతి: కొత్త లెక్క విచారణలో ఉన్న కేసులకు వర్తించింది, అప్పీలులో ఉన్నవాటికి వర్తించలేదు. 2004లో సుప్రీం కోర్టు దాన్నీ సమర్థించింది. అంటే ఒకే నేరం చేసిన ఇద్దరిలో, కేసు నత్తనడక నడిచినవాడు లాభపడ్డాడు.

తూకం అన్నాక, దేన్ని తూచాలి అన్న ప్రశ్న రాక తప్పదు. మైకేల్ రాజ్ కేసులో పట్టుబడిన సరుకు 4 కిలోల పైచిలుకు. పరీక్షిస్తే అందులో హెరాయిన్ 2 శాతం కూడా లేదు, లెక్కకు 60 గ్రాములు. అసలు మందునే లెక్కించాలని 2008లో సుప్రీం కోర్టు చెప్పి, 10 ఏళ్ల శిక్షను 6 ఏళ్లకు తగ్గించింది. మరుసటి ఏడాదే కేంద్రం మొత్తం మిశ్రమాన్ని తూచాలని నోటిఫికేషన్ ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హీరా సింగ్ కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం 2008 తీర్పును కొట్టేసి కేంద్రం వైపే నిలిచింది. వీధిలో అమ్మేది కల్తీ సరుకే కాబట్టి చట్టం ఆశయం నెరవేరాలంటే మొత్తం తూచాలన్నది వారి తర్కం. అందులో కొంత నిజం లేకపోలేదు. అయినా ఈ లెక్క చూడండి. స్వచ్ఛమైన హెరాయిన్ 240 గ్రాములున్నవాడికి కనీస శిక్షే లేదు. 13 గ్రాముల హెరాయిన్‌ను ఏదో పొడిలో కలిపి 260 గ్రాములు చేసినవాడికి 10 ఏళ్లకు ఒక్క రోజు తగ్గదు.

గీత దాటాక జడ్జికి మిగిలే విచక్షణ పైకి వెళ్లడానికే. ఆయుధాలు వాడాడా, పిల్లలను వాడుకున్నాడా వంటివి చూసి శిక్ష పెంచవచ్చు. పరిమాణాన్ని కూడా చూడవచ్చని 2021లో గురుదేవ్ సింగ్ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. కిలో హెరాయిన్‌కు వేసిన 15 ఏళ్ల శిక్షను ఖాయం చేసింది. తాను పేదవాడినని, కేవలం మోసుకెళ్లేవాడినని ముద్దాయి చెప్పుకున్నా లాభం లేకపోయింది.

ఇది మనకు దూరపు సంగతి కాదు. 2021 చివర్లో "పరివర్తన" పేరుతో పోలీసులు విశాఖ మన్యంలో వేల ఎకరాల గంజాయి తోటలు నరికించారు. చట్టం ప్రకారం సాగు ఒక్కటే రుజువైతే 10 ఏళ్ల వరకు శిక్ష, కనీసం లేదు. కూలికి 21 కిలోల మూట మోసినవాడికి మాత్రం కనీసమే 10 ఏళ్లు. పెట్టుబడి పెట్టినవాడు మూట మోయడు, తక్కెడ ముందుకూ రాడు.

మత్తు మందుల వ్యాపారాన్ని వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. తూకం ఒక సాక్ష్యమే, అదీ చూడవలసిందే. కానీ మనిషి పాత్ర, లాభం, స్థితి ఇవన్నీ తుడిచేసి ఒక్క అంకెతో పదేళ్ల జీవితాన్ని నిర్ణయించడం హేతుబద్ధత అనిపించుకోదు. 1894లో కమిషన్ పిచ్చాసుపత్రి రిజిస్టరు పట్టుకుని "ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడిగింది. గంజాయికి 20 కిలోలే గీత ఎందుకయింది? 15 ఎందుకు కాదు, 30 ఎందుకు కాదు? 2001 నోటిఫికేషన్‌లో పట్టిక ఉంది, కారణం లేదు. ఆ కారణం అడగడం మన పని.