ఆయిలింజనుకు చమురందిన కథ

కూచిపూడి చుట్టుపట్ల శివారు భూములకు కాలువ నీరు అందకపోతే ఆయిలింజనే దిక్కు కదా. ఆ ఇంజను ఇంత చిన్నదిగా చేలగట్టుకు ఎలా వచ్చిందో వినండి.

1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీసెల్ తన ఇంజనును నడిపి చూపాడు. సిలిండరులోకి చమురు చిమ్మడానికి దానికి ఒత్తిడిగాలి కావాలి. అందుకు వేరే కంప్రెసరు ఉండేది. అంత బరువును పొలానికి మోసేదెవరు? తరువాత గాలి లేకుండా చిమ్మే పద్ధతులు వచ్చాయి. 1927లో బాష్ కంపెనీ ఇంజెక్షన్ పంపులను పెద్దయెత్తున తయారుచేయసాగింది. పంపే చమురును కొలిచి, ఒత్తిపట్టి, నాజిలు గుండా సన్నని తుంపరగా చిమ్ముతుంది. కంప్రెసరు పోయింది, బరువు తగ్గింది. మన దేశంలో 1951లో బెంగుళూరున మైకో కంపెనీ వెలసి, ఈ పంపులు ఇక్కడే తయారుకావడానికి దారి తీసింది.

అయితే ఈ పంపు సుకుమారం. దాని లోపలి సందు తలవెంట్రుక కన్నా సన్నం. నలుసు పడితే గీతలు పడతాయి, నీరు చేరితే తుప్పు పడుతుంది. నాడు చమురును చిమ్మిన గాలే నేడు గొట్టంలో బుడగగా చేరితే ఇంజను ఆగిపోతుంది.

కాబట్టి డీసెలును వడగట్టి పోయండి. టాంకు అడుగునున్న నీటిని తీసివేయండి. ఫిల్టరును వేళకు మార్చండి. గాలి చేరితే, ఇంజను ఆపి, ఫిల్టరు మీది గాలి మరను వదులుచేసి, బుడగలు లేని చమురు వచ్చాక బిగించండి. ఈ పని నాట్లకు ముందే ముగించండి. పొట్టమీదున్న వరి, ఇంజను బాగయ్యేదాకా ఆగదు.