రంగంలో యాభై రెండేళ్ల బాకీ

(యథార్థ అనుభవాల ఆధారంగా)

బర్మా నుంచి తిరిగొచ్చిన కుటుంబాల అనుభవాలను ఒక్కచోట కూర్చి అల్లిన కథనమిది. ఇందులోని ఊళ్లు, తేదీలు, చరిత్ర వాస్తవం. మిత్రులిద్దరూ మాత్రం ఏ ఒక్క ఇంటివారూ కారు, ఎన్నో ఇళ్లకు ప్రతినిధులు. అందుకే పేర్లు లేవు.

1964 మార్చి 19, రంగూన్. జనరల్ నే విన్ సైనిక ప్రభుత్వం నగరంలోని దుకాణాలను జాతీయం చేసింది. ఫ్రేజర్ వీధిలో ఒక తెలుగాయన బియ్యం, పప్పుల కొట్టు ముందు సైనికులు నిలబడ్డారు. అధికారులు సరుకంతా లెక్క రాసుకుని తాళం వేశారు. తన కొట్టు ముందే పరాయివాడిలా నిలబడిపోయాడాయన. పన్నెండేళ్ల కొడుకు ఆయన చెయ్యి వదల్లేదు.

మే నెలలో 50, 100 క్యాట్ల నోట్లు రద్దయ్యాయి. ఆ ఇంట్లో కూడబెట్టిన డబ్బు చాలావరకు చెల్లకుండా పోయింది. ఇక ఓడ ఎక్కడం తప్ప దారి లేదని తేలిపోయింది.

ఉత్తరాంధ్ర పల్లెలకు రంగూన్ ఎప్పుడూ దూరదేశం కాదు. ‘రంగం పోయాడు’ అంటే రంగూన్‌కు సంపాదనకు వెళ్లాడని అందరికీ తెలిసేది. విశాఖ, భీమిలి, కాకినాడ రేవుల నుంచి ఓడలు నడిచేవి. కూలీలు డెక్కు మీదే పడుకుని సముద్రం దాటేవారు. రేవులో మూటలు మోశారు, రైసు మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. 1931 నాటికి రంగూన్ జనాభా నాలుగు లక్షలైతే, అందులో సగానికి పైగా భారతీయులే.

కుర్రాడి ప్రాణస్నేహితుడు ఎదురింటి బర్మీయుల పిల్లాడు. 1965 ఏప్రిల్‌లో తింజాన్ పండగ వచ్చింది. బర్మీయుల కొత్త సంవత్సరానికి ముందు జరిగే నీళ్ల పండగ అది. ఆ రోజుల్లో ‘మొంలోన్ యేబో’ అనే ఉండలు చేస్తారు. జిగురు బియ్యప్పిండి ముద్దలో బెల్లంముక్క పెట్టి, గుండ్రంగా చుట్టి, మరిగే నీళ్లలో వేస్తారు. ఉడికిన ఉండ పైకి తేలుతుంది. దాన్ని తీసి కొబ్బరికోరు చల్లి పెడతారు. ఒకటి రెండు ఉండల్లో మాత్రం బెల్లానికి బదులు పచ్చిమిరపకాయ దాస్తారు. అది ఎవరి నోట పడితే వాళ్లని చూసి అందరూ నవ్వుతారు.

ఆ ఏడు తెలుగు కుర్రాడు మిరపకాయ ఉండను ఏరి మరీ స్నేహితుడి చేతిలో పెట్టాడు. వాడు కళ్లనీళ్లు తుడుచుకుంటూ, “వచ్చే ఏడు నీ బాకీ తీరుస్తా” అన్నాడు.

వచ్చే ఏటికి కుర్రాడు రంగూన్‌లో లేడు. భారత ప్రభుత్వం నడిపిన ఓడలో అమ్మానాన్నలతో విశాఖ రేవులో దిగాడు. అలా వచ్చినవాళ్లు తలదాచుకున్న చోటే కంచరపాలెంలోని బర్మా క్యాంపు. వాళ్లకు అది సొంత రాష్ట్రమే, కానీ పిల్లలకు అన్నీ కొత్త. ఇంట్లో తెలుగు మాట్లాడినా రాసేది బర్మీస్ అక్షరాలు. తొలి రోజుల్లో ఉత్తరాలు నడిచాయి. తర్వాత అవీ ఆగిపోయాయి. కుర్రాడు పెద్దవాడై, ఉద్యోగం చేసి, రిటైరయ్యాడు. ఆదివారం పూట ఇంట్లో ఖౌస్వే (బర్మా నూడుల్స్) వండుకోవడం, పిల్లలకు తెలియకూడని సంగతులు భార్యతో బర్మీస్‌లో మాట్లాడుకోవడం మాత్రం మానలేదు.

2014లో ఒకప్పటి బర్మా అయిన మయన్మార్‌లోకి ప్రైవేటు మొబైల్ కంపెనీలు వచ్చాయి. అంతకుముందు సామాన్యుడికి అందని సిమ్ కార్డు చవకైంది. దేశమంతా ఫేస్‌బుక్ పాకింది. కంచరపాలెంలో మనవరాలు తాత చెప్పిన పేరూ వీధీ పట్టుకుని వెతికింది. కొన్ని నెలలకు అటునుంచి ఒక మనవడు జవాబిచ్చాడు.

“నాన్నా, ఇన్నేళ్లయింది. ఆ వీధి ఇంకా ఉంటాదేటి?” అన్నాడు కొడుకు.

“వీధి లేకపోతే పోనీ. వాడున్నాడు కదా!”

2017 ఏప్రిల్, తింజాన్ ముందు రోజులు. తండ్రీకొడుకులు కోల్‌కతా మీదుగా విమానమెక్కారు. ఒకప్పుడు ఓడలో రోజుల తరబడి సాగిన ప్రయాణం కోల్‌కతా నుంచి రెండు గంటల్లోపే అయిపోయింది. యాంగూన్ విమానాశ్రయం బయట లుంగీ కట్టుకున్న ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. చివరికి ఆయనే, “ఏరా, ఇంత ఆలస్యమా?” అన్నాడు.

రంగూన్ 1989లో యాంగూన్ అయింది. ఫ్రేజర్ వీధి ఇప్పుడు అనోరథా రోడ్డు, డల్హౌసీ వీధి మహాబందూల రోడ్డు. పేర్లు మారినా మనుషుల కలగలుపు ఆనవాళ్లు మిగిలే ఉన్నాయి. సూలే పగోడా దగ్గర నిలబడితే చుట్టూ నాలుగడుగుల్లోనే మసీదు, బాప్టిస్టు చర్చి కనిపిస్తాయి. అనోరథా రోడ్డులో తమిళులు కట్టిన కాళీ గుడి, 26వ వీధిలో యూదుల ప్రార్థనాలయం, రేవు రోడ్డులో చైనీయుల గుడి. ఢిల్లీ చివరి పాదుషా బహదూర్ షా జఫర్ సమాధి కూడా ఈ నగరంలోనే ఉంది.

టీకొట్టులో పీటల మీద కూర్చున్నాక పాత సంగతులు వచ్చాయి. స్నేహితుడు 1930 మాట ఎత్తాడు. ఆ మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు బర్మీయులను పనిలోకి దింపాయి. సమ్మె తీరగానే వాళ్లను పొమ్మన్నాయి. మే 26న పేదవాళ్లు పేదవాళ్ల మీద పడ్డారు. వందమందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది భారతీయులే.

“మా తాత ఆ పనికి వెళ్లినవాడే” అన్నాడాయన మెల్లగా.

“మా తాత ఆ సమ్మెలో ఉన్నవాడే.”

కొడుకు బిత్తరపోయి ఇద్దరి మొహాలూ చూశాడు. వాళ్లిద్దరూ ఒకే కెటిల్‌లోంచి టీ ఒంపుకుంటున్నారు. మాటల్లో యుద్ధకాలం వచ్చింది. 1941 డిసెంబర్ 23న జపాన్ బాంబులు పడినప్పుడు తెలుగువాళ్లు లక్షల జనంతో కలిసి అడవుల దారి పట్టారు. వేలాదిమంది దారిలోనే రాలిపోయారు. తెలుగు పెద్దాయన తాత మాత్రం నగరం దాటలేకపోయాడు. ఆ రోజుల్లో ఆయన్ని ఇంట్లో దాచి అన్నం పెట్టింది ఈ బర్మీయ స్నేహితుడి తాతే. ఈ సంగతి కొడుకు వినడం అదే మొదటిసారి.

తింజాన్ పండగ మొదలైంది. వీధివీధినా వేదికలు కట్టి గొట్టాలతో నీళ్లు చిమ్ముతున్నారు. ముసలివాళ్ల మీద మాత్రం గిన్నెలో ముంచిన నేరేడు జాతి రెమ్మతో మర్యాదగా చిలకరిస్తున్నారు. స్నేహితుడి ఇంట్లో ఆడామగా చుట్టూ కూర్చుని ఉండలు చుడుతున్నారు. ఇంటాయన ఒక ఉండను ఎంచి, కొబ్బరి కాస్త ఎక్కువగానే చల్లి, స్వయంగా అందించాడు. నోట్లో పెట్టుకున్న కంచరపాలెం పెద్దాయన మొహం ఎర్రబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“బాకీ తీరింది” అన్నాడు స్నేహితుడు.

ఇల్లంతా నవ్వులు. అక్కడున్నవాళ్లలో ఆ నీళ్లన్నీ మిరపకాయవే అనుకున్నది చిన్నపిల్లలే.

2021 ఫిబ్రవరి 1న మయన్మార్‌లో మళ్లీ సైన్యం అధికారం గుంజుకుంది. సెలవులకని సరదాగా వెళ్లి వచ్చే రోజులు పోయాయి. 2025 మార్చి 28న మాండలే ప్రాంతాన్ని పెను భూకంపం కుదిపేసింది. సమ్మెను చీల్చిన కంపెనీలు, బాంబులు వేసిన సైన్యాలు, కొట్లకు తాళాలు వేసిన ప్రభుత్వాలు విశాఖనూ రంగూన్‌నూ ఎన్నిసార్లు విడదీశాయో చరిత్రలో ఉంది. ఎదురింటివాడు పెట్టిన అన్నం సంగతి మాత్రం ఏ రికార్డులోనూ లేదు. ఇళ్లలో పెద్దల నోటనే ఉంది.

ఓడ దిగిననాటి పిల్లలకు ఇప్పుడు డెబ్బై దాటుతున్నాయి. మీ ఇంట్లో రంగం నుంచి వచ్చినవాళ్లుంటే ఈ సెలవుల్లో వాళ్ల పక్కన కూర్చోండి. వీధుల పేర్లు, ఇరుగుపొరుగు పేర్లు అడిగి రాసుకోండి, గొంతు రికార్డు చేయండి. పాత ఉత్తరాలు, ఓడ కాగితాలు పారేయకండి. అక్కడ ఇంకా స్నేహితులుంటే ఇవాళే ఫోన్ చేయండి. వాళ్లకు మన పలకరింపు ఇప్పుడే ఎక్కువ అవసరం.