మార్పుకు కారణం రాయడం: అమీర్‌పేట సాఫ్ట్‌వేర్ శిక్షణ నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

వాడుకలో ఉన్న ప్రోగ్రామును సరిచేయడానికి పంపే మార్పుల కట్టను సాఫ్ట్‌వేర్ వృత్తిలో ‘ప్యాచ్’ అంటారు. ఆ మార్పు ఎందుకు అవసరమైందో తెలిపే చిన్న వివరణ దానికి జతగా ఉంటుంది. ఏ వరుస మారిందో పాత, కొత్త ప్రతులను పోల్చి ఎప్పుడైనా తెలుసుకోవచ్చు. ఎందుకు మారిందో మాత్రం మార్చినవారు రాసి ఉంచితేనే నిశ్చయంగా తెలుస్తుంది. ఈ అలవాటు ఎలా రూపుదిద్దుకున్నదో, అమీర్‌పేట శిక్షణ చరిత్రకు దానితో ఉన్న సంబంధమేమిటో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. అమీర్‌పేట, 2000 సంవత్సర సమస్య

1990ల చివరినాటికి పంజాగుట్టను ఆనుకొని ఉన్న అమీర్‌పేటలో, ముఖ్యంగా మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ పరిసరాలలో, కంప్యూటర్ శిక్షణ సంస్థలు వెలిశాయి. పాత ప్రోగ్రాములలో సంవత్సరాన్ని రెండంకెలతో రాయడం వల్ల 2000ను యంత్రం 1900గా పొరబడే ప్రమాదం అప్పుడు ప్రపంచమంతటా ఉండేది. అందువల్ల మెయిన్‌ఫ్రేమ్, కోబాల్ తెలిసినవారికి గిరాకీ పెరిగింది. తెలుగు ప్రాంతం నుండి విదేశాలకు సాగిన ఈ వృత్తి వలసను షియాంగ్ బియావో ‘గ్లోబల్ బాడీ షాపింగ్’ (2007) గ్రంథంలో అధ్యయనం చేశారు.

ఈ సమస్యకు రెండు ప్రధాన పరిష్కారాలుండేవి. మొదటిది సంవత్సరాన్ని నాలుగంకెలకు విస్తరించడం. అలా చేస్తే దత్తాంశ నిడివి మారుతుంది కనుక దానిని చదివే ప్రతి ప్రోగ్రామునూ మార్చాలి. రెండవది దత్తాంశాన్ని ముట్టకుండా ఒక హద్దు పెట్టడం: ఉదాహరణకు 00–49 వస్తే 2000లుగా, 50–99 వస్తే 1900లుగా గ్రహించమనడం. ఇది చవక, కాని తాత్కాలికం.

కోబాల్ వరుసలో ఏడవ గడిలో నక్షత్రపు గుర్తు పెడితే అది వ్యాఖ్య అవుతుంది. 73–80 గడులలో మార్పు సంకేతం రాసేవారు. ‘అవసరం మేరకు మార్పులు చేయబడినవి’ అని ఆ వ్యాఖ్యలో రాస్తే తరువాతివారికి ఏమీ తెలియదు. ‘ఈ ఫైలును ఇతర ప్రోగ్రాములు కూడా చదువుతున్నందున నిడివి పెంచలేదు, 50ని హద్దుగా తీసుకున్నాము, 1950కి ముందరి తేదీలు ఇందులో లేవు’ అని రాస్తే, ఎప్పుడో ఆ ఫైలులోకి 1948లో పుట్టినవారి వివరాలు చేర్చవలసి వచ్చినప్పుడు జరగబోయే పొరపాటు ముందే కనబడుతుంది. ప్రోగ్రాములో 50 అనే అంకె మిగులుతుంది. దాని వెనుకనున్న ఆలోచన వివరణలోనే మిగులుతుంది.

3. సాధనాల పరిణామం

మార్పుల నమోదుకు 1972లో బెల్ లాబ్స్‌లో మార్క్ రాక్‌కైండ్ ఎస్.సి.సి.ఎస్. వ్యవస్థను రూపొందించారు. మార్పుతో పాటు చేసినవారి పేరు, తేదీ, కారణం భద్రపరచే వీలు అందులో ఉంది. 1985లో లారీ వాల్ రాసిన ‘ప్యాచ్’ ప్రోగ్రాము వల్ల, దూరాన ఉన్నవారు పంపిన మార్పులను సులభంగా చేర్చుకొనే వెసులుబాటు కలిగింది. 2005 ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ ‘గిట్’‌ను ఆరంభించారు. లినక్స్ కెర్నల్ మార్గదర్శకాలు ముందు సమస్యను చెప్పమంటాయి. అది వాడుకరులపై చూపే ప్రభావాన్ని వివరించమంటాయి. ఆపైన పరిష్కారాన్ని ఆజ్ఞార్థక క్రియతో రాయమంటాయి. ఒక ప్యాచ్‌లో ఒకే సమస్యను పరిష్కరించాలన్నది మరో నియమం. వివరణ పొడవవుతున్నదంటే ప్యాచ్‌ను విడగొట్టవలసి ఉన్నదని అర్థం.

4. పరిష్కరణ సంప్రదాయంతో పోలిక

ఈ క్రమశిక్షణ తెలుగు పరిశోధకులకు కొత్తది కాదు. కడపలో సి.పి. బ్రౌన్ పండితులను నియమించి వ్రాతప్రతులను పోల్చి చూపించాడు. పాఠాంతరాన్ని చూపడం ప్యాచ్ వంటిది. ఒక పాఠాన్ని ఎందుకు గ్రహించారో చెప్పే పరిష్కర్త పీఠిక వివరణ వంటిది. పీఠిక లేని పరిష్కరణను ఉపయోగించుకోవచ్చు గాని పరీక్షించలేము.

5. ముగింపు

అమీర్‌పేటలో కోబాల్ స్థానంలోకి జావా, ఆపైన గిట్‌తో కూడిన కోర్సులు వచ్చాయి. సాధనపు ఆజ్ఞలను కొద్ది రోజులలో నేర్పవచ్చు. కారణాన్ని స్పష్టంగా రాయడం భాషాభ్యాసంతోనే వస్తుంది. ఇక్కడ శిక్షణ పొందినవారి పనిలో అధికభాగం సంస్థల అంతర్గత భాండాగారాలలోనే ఉండిపోయింది. రేపు ఆ పని చరిత్రను రాయదలచినవారికి ప్రోగ్రాములు దొరికినా, వివరణలు లేకపోతే నిర్ణయాలు దొరకవు. కనుక ప్యాచ్‌కు జతపరచే నాలుగు వాక్యాలను చరిత్ర ఆధారంగా గుర్తించి, వాటిని రాసే విధానాన్ని కళాశాల స్థాయి రచనాభ్యాసంలో చేర్చడం సముచితం.