బొంత

పాత చీరలు, పంచెలు, లుంగీలు పొరలుగా పరిచి, చేతికుట్టుతో ఒక్కటిగా బిగించిన మందపాటి దుప్పటిని బొంత అంటారు. నులకమంచం మీద పరుచుకోవడానికి, చలికాలంలో కప్పుకోవడానికి, ఎడ్లబండిలో గడ్డి మీద వేసుకోవడానికి తెలుగు పల్లెల్లో తరతరాలుగా వాడుతున్నారు. బెంగాల్ కాంథా, బిహార్ సుజని, మహారాష్ట్ర గోధడి, కర్ణాటక కౌది, సింధ్, రాజస్థాన్ ప్రాంతాల రల్లి దీనికి తోబుట్టువులు. లేమిలో పుట్టినా, అరిగిన నూలుబట్ట మెత్తదనాన్ని పూర్తిగా వాడుకునే నేర్పు వల్ల బొంత కళగా నిలిచింది.

ప్రాచీన ప్రస్తావనలు

పారేసిన గుడ్డలు కుట్టుకుని ధరించడం భారతదేశంలో చాలా పాత ఆచారం. బౌద్ధ భిక్షువులు చెత్తకుప్పల్లో, శ్మశానాల్లో దొరికిన గుడ్డలను ఏరి, ఉతికి, కుట్టి, రంగు అద్ది చీవరాలు (భిక్షువుల వస్త్రాలు) చేసుకునేవారు. వీటికి పాంసుకూలాలని పేరు. మగధలోని వరిమళ్లను, వాటి గట్లను చూపి ఆ తీరుగా చీవరం రూపొందించమని బుద్ధుడు ఆనందుడితో అన్నట్టు వినయపిటకంలోని మహావగ్గ చెబుతుంది. శంకరాచార్యుల పేర ప్రచారంలో ఉన్న భజగోవింద స్తోత్రంలోనూ దారిలో ఏరుకున్న పేలికలతో కుట్టిన కంథ (బొంత) ప్రస్తావన ఉంది.

ఇళ్లలో ఆడవాళ్లు కుట్టినవాటికి ఇంత పాత ఆనవాళ్లు లేవు. బొంత చిరిగేదాకా వాడుకునే వస్తువు కావడమే దీనికి కారణం. అలంకారం కోసం భద్రపరచిన బెంగాల్ కాంథాల్లోనూ ఇప్పుడు కనిపించే అతి పాతవి 19వ శతాబ్దానివే.

కుట్టే తీరు

ముందు బట్టలన్నీ ఉతికి ఆరేసి, చిరుగులున్న చోట అతుకులు వేస్తారు. అన్నిటికన్నా గట్టిగా ఉన్న చీరలు అడుగుకూ పైకీ వస్తాయి. బాగా నలిగినవి, చిరిగినవి మధ్యలోకి పోతాయి. నేల మీద ముడతలు లేకుండా పరిచి, పొరలు జరగకుండా అక్కడక్కడ పొడుగు కుట్లు వేసుకుంటారు. ఆ తర్వాత పెద్ద సూదితో అంచు పట్టుకుని, సూదిని కిందికి దింపి పైకి తీస్తూ వరసలు సాగిస్తారు. వరసలు దగ్గరగా ఉంటేనే ఉతికినప్పుడు లోపలి గుడ్డ ఉండ కట్టదు. చివరగా చుట్టూ చీర అంచు మడిచి కుడతారు. పొరల మధ్య నిలిచే గాలి వెచ్చదనం ఇస్తుంది.

కుట్టేది ఎక్కువగా పొలం పనులు తగ్గిన ఎండాకాలంలోనే. వాడగా వాడగా పై బట్ట చిరిగితే దాని మీదే మరో చీర వేసి మళ్లీ కుడతారు. అలా ఒకే బొంతలో రెండు మూడు తరాల చీరలు చేరిన ఇళ్లున్నాయి.

బొంతకు పనికిరాని గుడ్డ కూడా వృథా పోయేది కాదు. మెత్తటి పంచె ముక్కలు పసిబిడ్డకు పొత్తిళ్లయ్యేవి. ఇంకా మిగిలినవి పొయ్యి దగ్గర మసిగుడ్డగా, నీళ్లబిందె కింద తలమీది చుట్టకుదురుగా, దీపానికి వత్తులుగా మారేవి.

ప్రాంతీయ రూపాలు

కాంథాలో కుట్టుకు వాడే దారం కూడా పాతదే. చీర అంచుల నుంచి రంగు పోగులు లాగి వాటితోనే కుట్టేవారు. నడుమ పద్మం, నాలుగు మూలలా చెట్లు, చుట్టూ ఏనుగులు, పడవలు, ఊరేగింపులు దీనిలోని అలంకారాలు. బెంగాలీ కవి జసీముద్దీన్ 1929లో ప్రచురించిన ‘నక్షీ కాంథార్ మాఠ్’ కావ్యం ఈ కుట్టును సాహిత్యంలోకి తెచ్చింది. జానపద కళల సేకర్త గురుసదయ్ దత్ సేకరించిన కాంథాలు కోల్‌కతా శివార్లలోని జోకాలో ఆయన పేరిట ఉన్న మ్యూజియంలో ఉన్నాయి. కళా చరిత్రకారిణి స్టెల్లా క్రామ్రిష్ 1939లో వీటిపై వ్యాసం రాశారు.

బిహార్‌లో పుట్టిన బిడ్డను పాతబట్టల సుజనిలో చుట్టేవారు. పేలికల దేవతగా ‘చితిరియా మా’ను కొలిచే నమ్మకం అక్కడ ఉంది. ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ స్త్రీలు కుట్టే కవండిలో పని ఒక మూల మొదలై, అంచుల వెంట తిరుగుతూ నడుమకు చేరుతుంది. మూలల్లో ‘పూలు’ అనే మడత ముక్కలు కుట్టనిదే అది పూర్తయినట్టు కాదు.

తగ్గుముఖం, కొత్త ఆదరణ

మిల్లు దుప్పట్లు, పరుపులు చవకగా దొరకడంతో బొంత అవసరం తగ్గింది. నూలుచీర స్థానంలోకి వచ్చిన పాలియెస్టర్ చీర మరో దెబ్బ. అది జారిపోతుంది, చెమట పీల్చదు, వాడినకొద్దీ నూలులా మెత్తబడదు. పాతబట్టలకు స్టీలు గిన్నెలిచ్చే వ్యాపారులు వీధుల్లోకి వచ్చాక, బొంతలోకి పోవలసిన చీర గిన్నెగా మారింది. బొంత పేదరికానికి గుర్తన్న చిన్నచూపు కూడా కలిసింది.

ఇంకోవైపు సిద్దీ స్త్రీల కోసం 2004లో ఒక సహకార సంఘం ఏర్పడింది. 1999లో మొదలైన గూంజ్ సంస్థ నగరాల్లో సేకరించిన పాతబట్టల్లో కొన్నిటిని సుజనీలుగా కుట్టిస్తోంది. దాని స్థాపకుడు అంశు గుప్తా 2015లో రామన్ మెగసెసె పురస్కారం అందుకున్నారు. ఇప్పుడు అంగళ్లలో ‘కాంథా’ పేరుతో అమ్మేవాటిలో కొత్తబట్ట మీద కుట్టినవీ చాలా ఉన్నాయి. అవి కుట్టును బతికిస్తున్నాయి కానీ, పాతబట్టకు మరో బతుకునిచ్చే అసలు పనిని వదిలేశాయి.

ఏ బట్ట లోపలికి పోవాలో, ఏది పైకి రావాలో చేత్తో తడిమి చెప్పగలిగే తెలివి పక్కన కూర్చుని నేర్చుకుంటేనే వస్తుంది. అందువల్ల పాత బొంతలతో పాటు, వాటిని కుట్టిన పెద్దవాళ్ల పనితీరును, మాటలను నమోదు చేసుకోవడం తెలుగునాట వెంటనే జరగవలసిన పని.